సంపు మీది బండ

వాన మొదలైన కాసేపటికి తడిసిన నూలుగుడ్డ నుంచి ఒక వాసన వస్తుంది. సబ్బు వాసన, ఎండ వాసన రెండూ పోయి, కొంచెం గంజి, కొంచెం మట్టి, కొంచెం పాత ఇనుము కలిసినట్టుండే వాసన. తుర్కయంజాల్‌లో మేముంటున్న ఫ్లాటు బాల్కనీలో, తీగ మీద నా కూతుళ్ల తువ్వాలో చున్నీయో మరిచిపోయిన రోజు ఆ వాసన ఇంట్లోకి వచ్చేస్తుంది. వచ్చిందంటే చాలు, మోకాళ్లు సరిగ్గా వంగని మా అమ్మ మంచంపట్టె ఆసరాతో లేచి, గోడ పట్టుకుని నడిచి, ఆ గుడ్డను తీగ మీద నుంచి లాగి లోపల పడేస్తుంది. బట్టలు తడుస్తాయన్న బాధ కాదు ఆమెది. వానలో గుడ్డ వేలాడుతుంటే ఆమె చూస్తూ ఉండలేదు. నేనూ చూడలేను. "తడిస్తే మళ్లీ ఆరవా ఏంది?" అని మా ఆయన నవ్వుతాడు. ఆయనకు అంతా చెప్పాను, ఒకటికి రెండుసార్లు చెప్పాను, విన్నప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. అయినా వాన పడగానే మళ్లీ మామూలే, ఆయనకు వాన అంటే పకోడీలు గుర్తొస్తాయి.

మాది నల్లగొండ వైపు ఊరు. నీళ్లు లేని ఊరు కాదు, ఉన్న నీళ్లే మనిషిని లోపల్నుంచి తినేసే ఊరు. బోరింగు కొడితే వచ్చే నీళ్లు చూడటానికి తేటగా, అమాయకంగా ఉండేవి. వాటినే తాగి తాగి మా నాయనమ్మ వెన్ను ఎంతగా వంగిపోయిందంటే, ఇంటికొచ్చిన మనిషి ముఖం చూడాలంటే కోడి చూసినట్టు ఒళ్లంతా పక్కకు తిప్పి చూడాల్సి వచ్చేది. అమ్మకు నేను పుట్టేనాటికే మోకాళ్లు పట్టేశాయి. నాకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినప్పుడు అవి ఇటుకరంగు చారలతో వచ్చాయి. ఊళ్లో అందరి పళ్లూ అవే కాబట్టి పళ్లంటే ఆ రంగులోనే ఉంటాయనుకున్నాను, వాటిని గారపళ్లంటారని హైదరాబాదు బడికి వచ్చాకే తెలిసింది.

ఆ ఊళ్లో నమ్మదగిన నీళ్లంటే వాన నీళ్లే. మబ్బు పట్టిందంటే పెళ్లి కుదిరినంత హడావిడి. ప్రతి వాకిట్లో నాలుగు గుంజలు పాతి, ఉతికిన తెల్ల పంచె ఒకటి నాలుగు మూలలా కట్టి, నడుమ శుభ్రంగా కడిగిన గులకరాయి వేసేవాళ్లు. రాయి బరువుకు పంచె గుంటలా దిగేది, వాన ఆ గుంటలోకి చేరి, వడకట్టుకుని, ధారగా కింద పెట్టిన బిందెలోకి పడేది. మొదటి జల్లును పోనిచ్చి, ఆకాశం కడుక్కున్నాక పడే వానను పట్టాలి. ఆ నీళ్లు ముందు చంటిపిల్లలకు, బాలింతలకు, మిగిలితే ముసలివాళ్లకు. వాన పట్టకుండా ఇంట్లో కూర్చున్నవాణ్ణి ఊరంతా తిట్టేది. తడిసిన నూలుగుడ్డ వాసన అప్పట్లో మాకు పండగ వాసన.

నాకు ఆ గారపళ్లు వచ్చిన ఏడాదే నాయిన తెగించాడు. మా చెల్లెలు మంజుల, మేమంతా మంజి అనేవాళ్లం, అప్పటికి బుడిబుడి నడకలు దాటి వాకిట్లో పరుగులు పెడుతోంది. దాని కాళ్లు చక్కగా, చెరుకు ముక్కల్లా నున్నగా ఉండేవి. ఒకరోజు నాయిన దాన్ని అరుగు మీద నిలబెట్టి, మోకాళ్లు నిమిరి చూసి, అమ్మతో అన్నాడు.

"పెద్దదాని పండ్లు పోయినయి. చిన్నదాని బొక్కలన్న సక్కగుండాలె. ఈడ ఉంటే ఇదీ మా అమ్మ లెక్కనే వంగుతది. పోదాం పట్నం."

తన వాటా చెలక అమ్మేసి, ఆ వచ్చినదానితో కొత్తపేట పండ్ల మార్కెట్టుకు దిగువన ఒక కాలనీలో రెండు గదుల ఇల్లు కొన్నాడు నాయిన. మార్కెట్టులో ట్రాలీ ఆటో నడపడానికి కుదురుకున్నాడు. మేం ఊరు విడిచింది బతుకుతెరువు కోసమని అందరికీ చెప్పేవాళ్లం, కాని నిజానికి మేం వచ్చింది మంజి ఎముకల కోసం, ఇంకా రాని దాని పళ్ల కోసం.

ఆ ఇంటిని నాయిన ఎలా కొన్నాడో అమ్మ చాలాసార్లు చెప్పింది. అమ్మేవాడు గదులు చూపిస్తున్నాడట, వంటగట్టు చూపిస్తున్నాడట, నాయిన ఏదీ చూడలేదు. గేటు పక్క మూలన నీళ్లు నిలవ చేసుకునే సంపు ఉంది. దాని మీది షాబాదు బండ పక్కకు జరిపిస్తే, నడి ఎండాకాలంలో, చెయ్యి చాస్తే అందేంత పైన నీళ్లున్నాయి. నల్లా వచ్చి చాలా రోజులైందని అమ్మేవాడే చెప్పాడు. మరి ఈ నీళ్లు ఎక్కడివి అని అడగాల్సింది పోయి, నాయిన దోసిట్లో తీసుకుని తాగాడు. "తియ్యగున్నయి" అన్నాడు. అంతే, బేరం అయిపోయింది. వాకిట్లో అంత ఎండలోనూ తుంగ పచ్చగా మొలిచి ఉంది. సందు చివర తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి ఏదో పోగొట్టుకున్నట్టు నేలను చూస్తున్నాయి. "సూడు, కొంగలు సుత ఈడికే వస్తున్నయి" అని నాయిన అమ్మకు మురిసిపోతూ చూపించాడు. ఎండిన గొంతుతో వచ్చినవాళ్లం మేం. నీళ్లు కనపడితే దండం పెట్టడమే తెలుసు, అవి ఎక్కడి నుంచి వచ్చాయని అనుమానించడం మాకు రాదు.

మేం దిగింది మామిడి కాలంలో. మార్కెట్టు నుంచి వచ్చే గాలిలో వరిగడ్డి మీద మాగుతున్న కాయల వాసన, కుళ్లిన పండ్ల పులుపు, లారీల డీజిలు కలిసి మా రెండు గదుల్లోనే కాపురం పెట్టినట్టుండేవి. సాయంత్రం నాయిన లుంగీ మడిచి ఒడిలో దెబ్బతిన్న మామిడికాయలో, ఒక పక్క మెత్తబడిన సపోటాలో తెచ్చేవాడు. బత్తాయిల కాలం వస్తే మా వైపు తోటల నుంచి వచ్చిన కాయలను ఏరి తెచ్చి, "మనూరి చుట్టాలొచ్చిండ్రు" అని మంజి చేతిలో పెట్టేవాడు. అది ఆ కాయలకు పేర్లు పెట్టి, పక్కన పడుకోబెట్టుకుని, పొద్దున్నే ఏడుస్తూ తినేది. బడి తెరిచే ముందు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి బూట్లు, యూనిఫాం కొనుక్కోవడం మాకు జాతర. బస్ డిపో ఎదురుగా జనంలో మంజిని భుజాల మీద కూర్చోబెట్టుకుని నాయిన నడుస్తుంటే, అది కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులొచ్చిన పిల్లల బొమ్మలు చూసి, "నాయినా, వీళ్లందరి పండ్లు తెల్లగున్నయే!" అని అందరికీ వినపడేలా అరిచేది. నేను సిగ్గుతో నోరు మూసుకునేదాన్ని. అప్పటికే నాకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటైపోయింది. మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళితే అమ్మ అందరికంటే ఎక్కువసేపు దండం పెట్టేది. ఏం మొక్కుకున్నావని అడిగితే, మంజి నోటి వైపు చూసేది.

మా ఎదురింట్లో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. కొడుకు ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చారు. ఆవిణ్ణి మేం మామ్మగారు అని పిలిచేవాళ్లం, ఆ పిలుపు ఆవిడే నేర్పింది. వాళ్లిల్లు నేలకంటే బాగా ఎత్తు, గుమ్మానికి మెట్లెక్కి పోవాలి. మంజి ఆ మెట్లను గుడిమెట్లనుకుని మొదటి మెట్టుకు దండం పెట్టి ఎక్కేది. మామ్మగారు పండగకు పంపిన పులిహోర నాయినకు పులుపెక్కువనిపించేది, అమ్మ పంపిన సర్వపిండి ఆవిడకు కారమెక్కువనిపించేది. అయినా గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

మొదటి వానాకాలంలోనే ఆవిడ మా వాకిలి గేటు దగ్గర నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, నాయినతో చెప్పింది.

"ఏవండీ, కోపం తెచ్చుకోకండి. మా వైపు నీళ్లు ఇంత పైకుంటే ఇల్లు ఎత్తు చెయ్యకుండా కాపురం పెట్టరు. మీరు గుమ్మం ముందు ఓ రెండు మెట్లయినా లేపించుకోండి."

"నీళ్లుంటే మంచిదే గద మామ్మగారూ," అని నాయిన నవ్వాడు. "నీళ్లు లేని బాధ మీకు ఎరుక లేదు."

"మాకు నీళ్లున్న బాధ తెలుసు నాయనా," అంది ఆవిడ. ఆ మాట ఆ రోజు ఎవరి చెవికీ ఎక్కలేదు. నాకు మాత్రం ఎందుకో గుర్తుండిపోయింది, బహుశా ఆవిడ నవ్వకుండా అన్నందుకేమో.

ఆ ఇల్లు కూడా తన పద్ధతిలో చెబుతూనే ఉంది. గోడలకు నడుమెత్తు వరకు చెమ్మ ఎక్కి, సున్నం పొరలు పొరలుగా రాలేది. బియ్యం డబ్బా జరిపితే కింద రోకలిబండ పురుగులు ముడుచుకుని ఉండేవి. స్నానాల గదిలో తూము లోంచి వానపాములు వచ్చేవి, కొన్ని రోజులు కప్ప ఒకటి కూడా వచ్చి మమ్మల్ని చూసి పోయేది. అమ్మ ఎన్ని ముగ్గులు వేసినా వాకిలి మింగేసేది. బర్రెలు తోలుకునే ముసలాయన ఒకడు, ఇక్కడ ఇళ్లు లేచి ఏళ్లయినా, పాత అలవాటు మానుకోలేక పొద్దున్నే బర్రెలను మా సందులోకే తోలుకొచ్చేవాడు. అవి మా గేటు ముందు ఆగి, మూతులెత్తి, ముందుకు పోదామా వద్దా అని నిలబడేవి. "గిది చెరువుండె గద బిడ్డా, ఇండ్లయినయని అవిటికి ఎట్ల ఎరుకైతది?" అని అమ్మతో అని, వాటిని తిట్టుకుంటూ వెనక్కి మళ్లించేవాడు. అమ్మ ఆ మాట నాయినకు చెబితే, "చెరువున్న జాగలోనే నీళ్లు తియ్యగుంటయి" అని మరింత సంతోషపడ్డాడు. మా నాయిన మొండివాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. దాహం తీరినవాడు అంతే.

ఇంటికి నల్లా వచ్చినా ఆయన వానను వదల్లేదు. మబ్బు కమ్మగానే గడ్డపార తెచ్చి, సంపు మీది బండను పక్కకు తోసి, నోటికి అడ్డంగా తన పాత పంచె పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టి, మిద్దె మీది గొట్టాన్ని దాని మీదికి వంచేవాడు. "ఇక్కడ నల్లా ఉన్నది గద, ఎందుకీ పరేషాన్?" అని అమ్మ అంటే, "పడే వానను మోరీల పోనిస్తే పాపం" అనేవాడు. ఒకటి చెప్పాలి. ఆయన ఏ రోజూ సంపు తెరిచి వదిలేసి పోలేదు. నెత్తిన గోనెసంచి కప్పుకుని, పీట వేసుకుని, వాన ఆగేదాకా సంపు పక్కనే కూర్చునేవాడు. మంజి అటు రాబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. వాన వెలిశాక బండ మళ్లీ మూతి మీదికి లాగి, దాని మీద నిలబడి ఎగిరి చూసి, అప్పుడు గాని లోపలికి వచ్చేవాడు కాదు.

ఆ బండే మా ఆటస్థలం కూడా. నేలబండ ఆట ఊళ్లో అయితే పదిమంది పిల్లలతో ఆడతారు, దొంగ నేల మీద తిరుగుతాడు, బండ ఎక్కినవాళ్లను ముట్టకూడదు. ఇక్కడ మాకు కొత్త, సందులో పిల్లలు నా పళ్లు చూసి నవ్వేవాళ్లు, అందుకని మార్కెట్టు నుంచి వచ్చాక నాయినే దొంగయ్యేవాడు. మాకున్నది ఒక్కటే బండ, సంపు మీది బండ. ఆయన రెండు చేతులూ చాచి, వంగి, గొంతు మార్చి "నేలంతా నాది!" అని వస్తుంటే మంజి కిలకిలా అరుస్తూ వాకిలంతా తిరిగి, చివరికి పోయి బండ ఎక్కేది. ఎక్కగానే చేతులు పైకెత్తి నిలబడేది. ఆయన దాని చుట్టూ తిరిగి, ముట్టబోయి, ఆగి, "బండ ఎక్కినవా? ఇగ నిన్నెవ్వలు ముట్టరు పో" అని ఓడిపోయినట్టు కూలబడేవాడు. పరుగెత్తలేని అమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది. మంజికి అమ్మ మీద జాలి. "అమ్మా, నువ్వు ఉరకలేవు గద, ముందుగాలనే వచ్చి బండెక్కు" అని చెయ్యి పట్టుకుని లాగేది. అమ్మ నవ్వుతూ లేచి, మంజి భుజం మీద చెయ్యి వేసి, ఒక్కోసారి నిజంగానే పోయి బండ మీద నిలబడేది. ఇద్దరూ చేతులు పైకెత్తి నిలబడిన ఆ సాయంత్రాలే ఆ ఇంట్లో మాకు దక్కిన సుఖం.

ఆ ఇంట్లో మాకది మూడో వానాకాలం. బోనాలు వెళ్లిపోయాయి, మంజికి ముందు పన్ను కదిలింది. ఇంటిల్లిపాదికీ అదే పని. నాలుకతో కదపొద్దంటే కదిపేది, కదపమంటే ఏడ్చేది. చివరికి జామకాయలో ఊడి వచ్చింది. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసరాలి కదా, కాలనీలో పేడ ఎక్కడిది? అమ్మ మర్నాడు పొద్దున్న బర్రెల ముసలాయన కోసం గేటు దగ్గర కాచుకుని కూర్చుంది. మిద్దె మీదికి విసిరితే రెండుసార్లు జారి కిందపడింది. మూడోసారి నాయినే ఎక్కి అక్కడ పెట్టి వచ్చాడు. ఆ తర్వాత రోజూ పొద్దున, పని మీద పోయే ముందు, మంజి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, పెదవి పైకెత్తి చూసేవాడు. అమ్మ పొయ్యి దగ్గర చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఆగిపోయేది. నేను కూడా తొంగి చూసేదాన్ని. నా పళ్లు వచ్చేటప్పుడు ఎవరూ ఇలా చూడలేదన్న కుళ్లు నాకు లేదు. దానిది తెల్లగా వస్తే నాదీ తెల్లగా వచ్చినంత సంబరం నాకు.

బతుకమ్మ పండగ దగ్గర పడుతుండగా ఒక పొద్దున నాయిన పెదవి ఎత్తి చూసి, దించి, మళ్లీ ఎత్తి చూశాడు. చిగురు చీల్చుకుని పన్ను అంచు కనిపించింది. బియ్యపు గింజ మొన అంత. తెల్లగా ఉంది. పాలలా కాదు, వెన్నలా కాదు, మామూలు పన్నులా తెల్లగా ఉంది. మా ఇంట్లో నాలుగు నోళ్లలో మొదటి తెల్ల పన్ను. అమ్మ కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది. నాయిన ఆ రోజు మార్కెట్టులో అందరికీ చాయ్ పోయించాడట. మామ్మగారు మంజి నోట్లో పటికబెల్లం పెట్టి, "నా తల్లే, ముత్యం" అంది. ఇక మేం గెలిచినట్టే అనుకున్నాం.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున్నుంచే ముసురు. నాయిన తంగేడు పూలు, గునుగు, బంతి మూట కట్టి తెచ్చి గుమ్మంలో పడేసి, మబ్బు చూసి, పనికి పోకుండా గడ్డపార తీశాడు. బండ జరిగింది, పంచె పరుచుకుంది, గోనెసంచి నెత్తికెక్కింది. లోపల అమ్మ, నేను తాంబాలంలో బతుకమ్మను పేరుస్తున్నాం. మంజి పూలరేకులు తుంచి నుదుటికి అంటించుకుంటూ, "బతుకమ్మను ఏడ వదులుతం?" అని అడుగుతోంది. మధ్యాహ్నానికి వాన జోరందుకుంది. వెలుతురు తగ్గిపోయి, పొయ్యి మంట కూడా మసకగా కనిపించింది. ఎక్కడో పైన జనం అరుపులు వినిపించాయి. తర్వాత తెలిసింది, ఎగువన ఇంకో చెరువు నీళ్లు కట్ట దాటాయని.

నీళ్లు వీధిలోంచి వస్తాయని మేం అనుకున్నాం. ముందు మా ఇంట్లోంచే వచ్చాయి. స్నానాల గది తూము బుడబుడమని పొంగింది, గోడల అడుగుల్లోంచి నీళ్లు ఊరాయి, చూస్తుండగానే పూల తాంబాలం లేచి తేలింది. అదే సమయానికి గేటు కిందనుంచి ఎర్రటి నీళ్లు ఒక్కసారిగా వాకిట్లోకి తోసుకొచ్చాయి. లేవబోయి అమ్మ కాలు జారి పడింది, "ఓ మంజి నాయినా!" అని అరిచింది. నాయిన పరుగెత్తుకొచ్చాడు. ముందు మంజిని ఎత్తుకుపోయి, బయట మిద్దె మెట్ల మీద పైన కూర్చోబెట్టాడు. "ఈడ్నే ఉండు, కదిలితే తంత" అని చెప్పి, మళ్లీ లోపలికి వచ్చి అమ్మ చెయ్యి మెడ చుట్టూ వేసుకుని లేపాడు. నేను ఆయన చొక్కా వెనక పట్టుకున్నాను.

మేం గుమ్మం దాటేసరికి వాకిట్లో నీళ్లు నాయిన మోకాళ్లు దాటాయి. పూలు మాతో పాటు బయటికి వచ్చి చుట్టూ తిరుగుతున్నాయి. అమ్మ మోకాళ్లు ఆ వరదలో ఒక్క అడుగు వెయ్యనివ్వలేదు, వాకిలి నడుమ మళ్లీ కూలబడింది, గట్టిగా ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం మేమెప్పుడూ వినలేదు. మంజి మెట్ల మీద లేచి నిలబడింది. భయపడి కాదు. దాని ముఖం నాకు ఇప్పటికీ తెలుసు. ఏం చెయ్యాలో దానికి తెలుసు, మాకు తెలియడం లేదని దానికి కోపం వచ్చింది.

"అమ్మా, ఇటు రా!" అని అరిచింది. "బండెక్కు! బండెక్కుతే ఎవ్వలు ముట్టరు!"

"వద్దు బిడ్డా! ఆగు!" నాయిన అరుపు ఆ హోరులో దానికి ఆటలో దొంగ అరుపులాగే వినిపించి ఉంటుంది. గబగబా మెట్లు దిగింది. నడుం దాకా నీళ్లలో, చేతులు రెండూ ఎత్తి పట్టుకుని, గేటు పక్క మూలకు, రోజూ ఎక్కే చోటికి, అమ్మకు దారి చూపిస్తూ పోయింది. అక్కడికి చేరి మా వైపు తిరిగింది. ఒక కాలు ఎత్తి పైకి ఎక్కినట్టు వేసింది. ఆ తర్వాత అక్కడ నీళ్లే ఉన్నాయి.

నాయిన అమ్మను వదిలేసి దూకాడు. రెండుసార్లు ఒట్టి చేతులతో పైకి వచ్చాడు. మూడోసారి తెచ్చాడు. ఆయన పంచె దాని చుట్టూ చుట్టుకుని ఉంది. ఎదురింటి మెట్ల మీద నుంచి మామ్మగారు ఆ వయసులో నీళ్లలోకి దిగి వచ్చి అమ్మను పట్టుకుంది. నేను చెప్పానా అని ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, బతికున్నంత కాలం అనలేదు. సందులోని మగవాళ్లు మంజిని భుజాన వేసుకుని మెయిన్ రోడ్డు మీది దవాఖానకు పరుగెత్తారు. అక్కడ ఏమన్నారో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది. తిరిగి తెచ్చి పడుకోబెట్టినప్పుడు దాని పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. అమ్మ ఆ పన్నును చూసింది. చూపుడువేలితో ముట్టి చూసింది. దేవుడి మీద నాకు ఆనాడు వచ్చిన కోపం ఇంకా పోలేదు, పోవాలని కూడా లేదు.

నాయిన ఆ రోజు గురించి జీవితంలో ఒక్కసారే మాట్లాడాడు, చాలా ఏళ్ల తర్వాత, నా పెళ్లి కుదిరిన రోజున, ఎవరూ అడగకుండానే. "బండ మూతికి లాగి పోదామనుకున్న. గడ్డపార పట్టిన. మీ అమ్మ అరిసింది." అంతే. మేం ఆ ఇల్లు వదిలి కర్మన్‌ఘాట్‌లో పై అంతస్తులో కిరాయికి చేరాం. ఆయన మార్కెట్టు ఉన్నన్నాళ్లూ అక్కడే ట్రాలీ నడిపాడు. ఎప్పుడు వాన పడినా బండి రోడ్డు పక్కన ఆపేసి, లోపలే కూర్చునేవాడట.

ఇప్పుడు కొత్తపేటలో ఆ మార్కెట్టు లేదు. ఆ రోడ్డున పోతే వరిగడ్డి వాసన కోసం నా ముక్కు దానంతటదే వెతుక్కుంటుంది, పొగ తప్ప ఏమీ రాదు. మా సందు నేలను సిమెంటు పోసి ఎత్తు చేశారు, మా ఇల్లున్న చోట అపార్టుమెంటు లేచింది, కింద కార్లు పెట్టుకోవడానికి సెల్లారు తవ్వారు. కొంగలు రావడం మానేశాయి. బర్రెల ముసలాయన పోయి ఎంతకాలమైందో. మామ్మగారూ లేదు, సర్వపిండి కారమనేవాళ్లూ లేరు. ఊరికి పోతే, ఇంటింటికీ నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. వాకిళ్లలో గుంజలు లేవు, వానకు ఎవరూ పంచె కట్టరు, మబ్బు పడితే ఫోన్లో ఫోటో తీసుకుంటారు. అక్కడి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. మేం ఏ నీళ్ల కోసం ఊరు విడిచి వచ్చామో, ఆ నీళ్లు వాటంతటవే మా ఊరికి వచ్చాయి.

నాయిన, అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటారు. ఈ ఫ్లాటుకు మారి ఏడాది కాలేదు. నాకూ ఇద్దరు ఆడపిల్లలే. చిన్నదానికి మొన్ననే ముందు పన్ను ఊడింది, దాన్ని ఎవరూ వెలుతురు వైపు తిప్పి చూడరు. సాయంత్రమైతే పిల్లలంతా కింద పార్కింగులో ఆడతారు. నేలబండ ఆట వాళ్లకు ఎవరు నేర్పారో నాకు తెలియదు, నేనైతే కాదు. అపార్టుమెంటు సంపు అక్కడే ఉంది, దాని మీద ఇనుప మూత, మూతకు తాళం. నేలకంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది కాబట్టి పిల్లలకు అదే బండ.

నాయిన రోజూ సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని కిందికి దిగుతాడు. దాన్ని సరిగ్గా ఆ మూత మీద వేసుకుని కూర్చుంటాడు. ముసలాయనకు గాలి బాగా తగులుతుందనుకుంటాడు వాచ్‌మన్. నేను బాల్కనీలోంచి చూస్తుంటాను.

"తాతా, జర జరుగు," అని నిన్న నా చిన్నకూతురు ఆయన చెయ్యి పట్టి లాగింది. "నువ్వు కూసుంటే మాకు బండ లేదు."

"బండ లేదు బిడ్డా," అన్నాడు నాయిన. "నేలే ఉన్నది. ఉరుకు."

అది అలిగి, మళ్లీ ఆటలో పడింది. చీకటి పడి, పిల్లల్లో చివరి పిల్ల కూడా మెట్లెక్కి ఇంట్లోకి పోయాక గాని ఆయన ఆ మూత మీది నుంచి లేవలేదు.